చెవి మడిచిన స్టిక్కర్లు

మూడూ ఐదు. నాలుగింటికి పోలీసు వ్యాను వస్తుంది. సూపర్ మార్కెట్ వెనక మెట్లు ఎక్కుతున్నప్పుడు నా దగ్గరున్నవి యాభై ఐదు నిమిషాలు, ఒక భూతద్దం, పొద్దుటి నుంచి ఏమీ పడని కడుపు.

ఫోను పన్నెండూ పదికి వచ్చింది. ఒక పెద్దావిడ గొంతు, నాలుగు మాటలకోసారి ఆయాసం. "డిటెక్టివ్ మేడమేనా అమ్మా? మా అమ్మాయి సూపర్ మార్కెట్‌లో నాలుగో కౌంటర్‌లో పని చేస్తుంది. గిఫ్ట్ కార్డుల్లో డబ్బు కాజేసిందని పైన గదిలో కూర్చోబెట్టేశారు. అది పక్కింటి చెట్టు పువ్వు కూడా అడక్కుండా కొయ్యదమ్మా. నిజం ఏంటో మీరు తేల్చండి. ఎలాంటి నిజమైనా సరే." ఆ చివరి మాట నాకు నచ్చింది. నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి నిజం అక్కర్లేదు, వాళ్ళ వైపు నిలబడే మనిషి ఒకరు కావాలి అంతే.

ఈ పనిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు ఒక కార్డుల కంపెనీలో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చున్నాను. చెవి కందిపోయేదాకా జనం చేత తిట్లు తిన్నాను. అలా కూర్చుని కూర్చుని విసుగెత్తిందేమో, ఇప్పుడు ఒకచోట కాలు నిలవదు. తిరుగుతూ ఆలోచిస్తాను, ఆలోచిస్తూ మాట్లాడతాను. నోరు మూసుకుని ఆలోచించడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. ఆ రోజు నేర్చుకుని ఉండాల్సింది.

మేనేజరు గది మొదటి అంతస్తులో ఉంది. తలుపు తీయగానే ముగ్గురు కనిపించారు. కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. నిమిషానికోసారి వాచీ చూసుకుంటాడు కాబట్టి ఆయనకి నేను టైంపీసు అని పేరు పెట్టాను. ఆయన నాకు ఫిర్యాదులమ్మ అని పెట్టాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తెలియనట్టు నటిస్తాం. బల్ల వెనక మేనేజరు, గట్టిగా మాట్లాడితే ఎవరైనా నొచ్చుకుంటారేమో అన్నట్టుండే మెత్తటి మనిషి. గోడవార ప్లాస్టిక్ కుర్చీలో షాపు యూనిఫాంతో కౌంటర్ అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఏడవడం ఎప్పుడో అయిపోయిన మొహం.

"రండి మేడం. నాలుగింటికి వ్యాను వస్తుందని చెప్పాను కదా, మూడూ ఏడయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ వాచీ రెండు నిమిషాలు ముందుంది."

"నా వాచీ ఎప్పుడూ తప్పదు."

"మనుషుల విషయంలో అంత నమ్మకంగా ఉండకండి చాలు. కేసేంటో చెప్పండి."

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. నెల రోజుల్లో తొమ్మిది ఫిర్యాదులు. అందరూ గిఫ్ట్ కార్డు ఇక్కడే, నాలుగో కౌంటర్ పక్కనున్న స్టాండు మీది నుంచే తీసుకున్నారు. డబ్బు కట్టారు, రసీదు వచ్చింది. ఇంటికెళ్ళి వాడబోతే కార్డు పనిచేయలేదు. మేనేజరు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటే, తొమ్మిదీ యాక్టివేట్ అయిన పది నిమిషాల్లోపే ఎవరో ఖర్చు పెట్టేశారని తేలింది.

"కార్డు వాడాలంటే మీదున్న నంబరు కావాలి, వెండి పూత కింద ఉండే రహస్య సంఖ్య కావాలి. ఆ పూత గీకేది ఎవరో సీసీ కెమెరాలో చూడండి," అంటూ బల్ల మీది తెర నా వైపు తిప్పాడు.

తెర మీద ఒక ముసలాయన. కౌంటర్ అమ్మాయి ఆయన కార్డు అందుకుని, జడపిన్నుతో పూత గీకి, కవరు మీద పెన్నుతో ఏదో రాసి, నవ్వుతూ చేతికిచ్చింది. తర్వాత ఇంకో పెద్దావిడ వచ్చింది. మళ్ళీ అదే పని.

"ఇంకేం కావాలి మేడం? తాళంచెవి తనే తయారుచేసుకుంది."

నేను కుర్చీ లాక్కోకుండా ఆ అమ్మాయి ఎదురుగా చతికిలబడ్డాను. ఎదుటి మనిషి తలవంచుకుని ఉంటే మనం ఇంకా కిందికి దిగాలి. లేకపోతే కళ్ళు కనిపించవు.

"పూత ఎందుకు గీకావమ్మా?"

"కళ్ళు ఆనని పెద్దవాళ్ళకి మాత్రమే మేడం. ఆ అంకెలు చీమ తలకాయంత ఉంటాయి. ఇంటికెళ్ళి తప్పు కొడతారు, మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది. అందుకని కవరు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసిస్తాను."

"నీకు ఎవరు చెప్పారు అలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు. ఒక తాతగారు అడిగారు. తర్వాత అలవాటైపోయింది."

"ఇంకేం చెప్తావు వాళ్ళకి?"

రోజుకి ఇరవైసార్లు చెప్పే పాఠం కావడంతో మాటలు వాటంతటవే వచ్చేశాయి. "రసీదు కార్డు అయిపోయేదాకా పారెయ్యొద్దు. నంబరు ఫోన్‌లో ఎవరికీ చదవొద్దు, కంపెనీ నుంచి అన్నా సరే. దాచుకోకుండా తొందరగా వాడెయ్యండి. పూత ముందే గీకేసి ఉంటే, అంటించిన జాడ ఉంటే ఆ కార్డు తీసుకోవద్దు. ఫోన్‌లో ఎవరైనా భయపెట్టి కొనమన్నారా అని కూడా అడుగుతాను. పోయిన నెల ఒక పిన్నిగారు వణుకుతూ ఆరు కార్డులు తెచ్చారు. కరెంటు ఆఫీసు వాళ్ళమని ఎవరో బెదిరించారట. ఏ ఆఫీసూ బిల్లు గిఫ్ట్ కార్డులతో కట్టమనదు పిన్నిగారూ అని చెప్పి ఆరూ వెనక్కి తగిలించేశాను."

"అవును మేడం, ఈ అమ్మాయి చాలా మంచిది. అందుకే నాకూ నమ్మబుద్ధి కావడం లేదు," అన్నాడు మేనేజరు దిగులుగా. ఆ స్టాండు పైన జాగ్రత్తల బోర్డు కూడా తనే రాయించాడట. నాకు టీ పోసిచ్చాడు. నిలబడే తాగేశాను.

"నువ్వు పూత గీకిన వాళ్ళలో ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

అమ్మాయి తల ఎత్తింది. "ఇద్దరు మేడం. మిగతా ఏడుగురి కార్డుల పూత మీద నేను చెయ్యి కూడా పెట్టలేదు. స్కాన్ చేసి ఇచ్చేశాను."

"అదీ మాట," అని లేచాను. "ఇన్‌స్పెక్టర్ గారూ, గీకని కార్డు రహస్య సంఖ్య ఈ అమ్మాయికి ఎలా తెలిసింది? దివ్యదృష్టి ఉందా?"

"గీకి, మళ్ళీ పూత అంటించి ఉండొచ్చు."

"సరే. మీ ఫిర్యాదు కాగితం మీద మంగళవారం పదకొండూ నలభై రెండుకి అమ్మినట్టున్న కార్డు ఎప్పుడు ఖర్చయింది?"

"పదకొండూ నలభై తొమ్మిదికి."

"ఆ రోజు నాలుగో కౌంటర్ బిల్లుల పట్టీ ఉందా మేనేజరు గారూ?"

మేనేజరు కంప్యూటర్‌లో తీసి చూపించాడు. నలభై మూడుకి ఒక బిల్లు, నలభై అయిదుకి ఇంకోటి, నలభై ఆరుకి, నలభై ఎనిమిదికి, యాభైకి. మధ్యలో ఈగ దూరే సందు లేదు. కౌంటర్‌లో కూర్చునేవాళ్ళ ఫోన్లు పొద్దున్నే లాకర్లో పెట్టించేస్తారు.

"బయట మనిషి ఉండొచ్చు. ఆవిడ సైగ చేసి ఉండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పదహారు అంకెలూ, పైన రహస్య సంఖ్యా, అన్నీ సైగలతోనా? ఆ మధ్యలో బియ్యం బస్తాలకి బిల్లులు కొడుతూనా? అలాంటి మనిషిని మీరు అరెస్టు చెయ్యకూడదు సార్, సర్కస్‌లో పెట్టాలి."

ఆయన దవడ బిగుసుకుంది. "మీకు జోకులు, నాకు తొమ్మిది కేసులు. మూడూ పదహారు."

కోపం వస్తే ఆయన టైము చెప్తాడు. నాకు కోపం వస్తే గది కొలుస్తాను. అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు వేశాను. బుర్రలో ఏదో గీరుతోంది కానీ బయటికి రావడం లేదు. ఫిర్యాదుల ఫోను రోజుల్లో ప్రతివాళ్ళనీ ముందు అడిగే ప్రశ్న ఒకటుండేది. ఈ గదిలో దాన్ని ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది.

"మేనేజరు గారూ, కంపెనీకి ఫోన్ చేసినప్పుడు వాళ్ళకి నంబరు దేన్ని చూసి చెప్పారు? కార్డునా, రసీదునా?"

"రసీదు మీద చివరి నాలుగంకెలు ఉంటాయి కదా మేడం. ఆ రసీదు వివరాలే చెప్పాను."

"ఫిర్యాదు చేసినవాళ్ళ కార్డులేవైనా ఇక్కడున్నాయా?"

ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ సంచిలోంచి మూడు కార్డులు, వాటికి పిన్ను కొట్టిన రసీదులు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటి రసీదు మీద 7743. దాని కార్డు మీద చివరి అంకెలు 2118. రెండో రసీదు మీద 7746, కార్డు మీద 2121. మూడోది లాక్కున్నాను. 7751. కార్డు మీద 2127.

"చూడండి సార్. డబ్బు కట్టినవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిన కార్డు ఇది. యాక్టివేట్ అయిన కార్డు ఇది కాదు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. వాచీ వైపు చూడలేదు.

నా ఫోన్ తీసి కంపెనీ ఆటోమేటిక్ లైనుకి కొట్టి, కార్డు మీది పదహారు అంకెలూ నొక్కాను. స్పీకర్లో యంత్రం గొంతు పలికింది. ఈ కార్డు ఇంకా యాక్టివేట్ కాలేదు.

"కాలేదు! విన్నారా?" అన్నాను. "ఈ కార్డులోంచి ఎవరూ ఏమీ తియ్యలేదు. ఇందులోకి ఏమీ రానేలేదు. డబ్బు ఇంకో కార్డులోకి పోయింది. ఆ కార్డు దొంగ జేబులో ఉంది. అక్కడ పూత గీకి, నంబరు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, ఇక్కడ మెషీన్ టిక్కుమనగానే వాడేశాడు. ఈ అమ్మాయి జడపిన్నుకీ దానికీ సంబంధమే లేదు."

కౌంటర్ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. "రసీదు మీది అంకెలు, కార్డు మీది అంకెలు కలిపి చూడాలని నాకెవరూ చెప్పలేదు మేడం. చూసుంటే మొదటి రోజే దొరికేది."

"ఇక్కడ ఎవరూ చూడలేదమ్మా, నువ్వొక్కదానివే కాదు."

"ఒక కార్డు స్కాన్ చేస్తే ఇంకోటి ఎలా యాక్టివేట్ అవుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. మనిషి మొండివాడే కానీ మొద్దు కాదు.

"కిందికి పదండి. స్టాండు చూపిస్తాను."

మూడూ ఇరవై మూడుకి నలుగురం నాలుగో కౌంటర్ దగ్గరున్నాం. స్టాండు మనిషి ఎత్తుంది. కొక్కేలకి అట్ట కవర్లలో కార్డులు వేలాడుతున్నాయి. ఒక్కో కవరు వెనక నల్లగీతల బార్‌కోడ్ ఉంది. దాన్ని స్కాన్ చేసి డబ్బు తీసుకుంటే కంపెనీకి కబురు వెళ్ళి ఆ కార్డు యాక్టివేట్ అవుతుంది. అప్పటిదాకా అది ఉత్త ప్లాస్టిక్ ముక్క. అందుకే ఏ షాపులోనూ దానికి తాళం వెయ్యరు. గుప్పెడు పట్టుకుపోయినా ఎవరూ కంగారుపడరు. ఇన్నేళ్ళలో నేను చూసిన మోసాలన్నీ ఆ ధీమాలోంచి పుట్టినవే.

ముందు కొక్కెంలోంచి మొదటి కవరు తీసి, వెనకవైపు గోటితో తడిమాను. నున్నగా పోతున్న గోరు ఒకచోట వెంట్రుక మందాన తట్టింది. భూతద్దం పెట్టాను. అచ్చు బార్‌కోడ్ మీద దానికి సరిగ్గా సరిపోయే ఇంకో బార్‌కోడ్ స్టిక్కరు. అదే తెలుపు, అదే నిగనిగ. రెండో కవరుకీ ఉంది, అయిదో దాకా ఉంది. ఆరో కవరు నుంచి వెనక ఉన్నవన్నీ మామూలువే.

"జనం ముందున్నవే తీసుకుంటారు," అన్నాను. "కార్డు లోపల ఒకటి, కవరు మీద స్టిక్కరు ఇంకో కార్డుది. మెషీన్ పాపం స్టిక్కరు చెప్పిందే నమ్ముతుంది."

ఇన్‌స్పెక్టరు ఒక కవరు వెలుతురుకి ఎత్తి చూశాడు. "అయినా అంటించగలిగేది దీని పక్కన రోజంతా కూర్చునే మనిషే కదా?"

"కెమెరా ఎదురుగా కూర్చునా? పైకి పదండి. అంటించిన చెయ్యి ఎవరిదో చెప్తాను."

ఆ మాటే నా కొంప ముంచింది. నిజానికి మునిగింది నా కొంప కాదు.

మూడూ ముప్ఫైకి మళ్ళీ గదిలో ఉన్నాం. అయిదు కవర్లూ బల్ల మీద పరిచాను. నాకు ఉత్సాహం ఆగడం లేదు. పద్దెనిమిదేళ్ళు మొహం చూడకుండా మాట్లాడినదాన్ని. నలుగురు కళ్ళెదురుగా నోరు తెరుచుకుని వింటుంటే ఎవరికి బాగోదు?

"ముందు ఇది చూడండి. ఒక్క బుడగ లేదు, ఒక్క ముడత లేదు. అచ్చు గీత మీద గీత కూర్చుంది. దొంగ హడావుడిగా అంటిస్తే ఇలా రాదు. ఇప్పుడు కుడివైపు కింది మూల చూడండి." భూతద్దం ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాను. "బియ్యపు గింజలో సగమంత మడత. అయిదింటికీ అక్కడే, అంతే. ఇది పొరపాటు కాదు. దీన్ని చెవి అంటారు."

"చెవి ఏంటి?"

"ఫోను ఉద్యోగానికి ముందు ఆరు నెలలు మందుల ఫ్యాక్టరీలో లేబుళ్ళ గదిలో పని చేశాను. సీసాలకి చేత్తో లేబుళ్ళు అంటించేవాళ్ళం. మా తర్వాత తనిఖీ ఆవిడ వచ్చేది. లేబుల్ వంకరగా ఉంటే చింపకుండా ఊడదీయడానికి ఆవిడకి పట్టు కావాలి. అందుకని కుడివైపు కింద ఇంతే ఇంత మడిచి వదిలేవాళ్ళం. అదే చెవి. మెషీన్లు వచ్చాక ఆ గదులు మూతపడ్డాయి. నాకు ఆరు నెలల్లో ఆ చెయ్యి తిరగలేదు. ఇలా అంటించాలంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళు అదే పని చేసి ఉండాలి. ఇప్పుడా మనిషికి అరవై దాటి ఉంటాయి. చెవి మడవక్కర్లేదని తెలిసినా వేలు ఊరుకోదు."

నా సంచిలోంచి ఒక మామూలు స్టిక్కరు తీసి కౌంటర్ అమ్మాయికిచ్చాను. "ఈ కవరు మీద అంటించమ్మా."

ఆ అమ్మాయి అంటించింది. మధ్యలో బుడగ లేచింది, ఒక పక్క గీత దాటింది.

"చూశారా సార్? ఈ చెయ్యి కాదు."

"కావాలని పాడుచేసి ఉండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కానీ గొంతులో పట్టు సడలింది.

"ఇంకొకటి కూడా ఉంది. రసీదుల మీద 7743, 7746, 7751. అన్నీ ఒకే ప్యాకెట్లోవి. ఆ ప్యాకెట్ ఈ షాపుకి వచ్చిందో లేదో, వస్తే ఎవరి చేతికి వెళ్ళిందో రిజిస్టరులో ఉంటుంది. మేనేజరు గారూ..."

"స్టోర్ రూంలో ఉంది మేడం, ఇప్పుడే తెస్తాను," అని మేనేజరు లేచాడు. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. మూడూ ముప్ఫై ఆరు.

నేను గెలిచాననుకున్నాను. ఇన్‌స్పెక్టరు మొహంలో కూడా ఆ సంగతి కనిపించింది. ఇంక మిగిలింది ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూడడమే అనుకుంటూ అటు తిరిగాను.

ఆ అమ్మాయి భూతద్దం పట్టుకుని స్టిక్కరు మూల చూస్తోంది. ఒకటి చూసి పక్కన పెట్టి ఇంకోటి తీసింది. అయిదూ చూసింది. మనిషిలో రక్తం లేదు. భూతద్దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"సార్, నేనే చేశాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం మాట్లాడుతున్నావమ్మా? ఇప్పుడే కదా నువ్వు కాదని..."

"నేనే మేడం. స్టిక్కర్లు నేనే అంటించాను. కాగితం ఇవ్వండి సార్, రాసిస్తాను."

"ఎక్కడ అంటించావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంట్లో."

"స్టిక్కర్లు ఎవరిచ్చారు?"

"నేనే... నేనే చేయించుకున్నాను."

"ఏ షాపులో?"

అమ్మాయి మళ్ళీ కాగితం కోసం చెయ్యి చాపింది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "చెవి ఎలా మడుస్తారో చెప్పు."

"బొటనవేలి గోరుతో పైకి లేపి, చూపుడువేలితో ఒక్కసారి నొక్కుతారు," అంది తడుముకోకుండా.

నొక్కుతాను అనలేదు, నొక్కుతారు అంది. ఆ పని ఎక్కడో రోజూ పక్కన కూర్చుని చూసింది. "మీ అమ్మగారు ఏం పని చేసేవారు?"

"మా అమ్మ జోలికి వెళ్ళకండి మేడం." ఆ అమ్మాయి మొదటిసారి గొంతు పెంచింది. వెంటనే మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది. "దణ్ణం పెడతాను. అమ్మకి గుండె ఆపరేషన్ అయి ఏడాది కాలేదు. నాలుగు మెట్లెక్కితే పడిపోతుంది. అమ్మని తీసుకెళ్ళి మీ గదుల్లో కూర్చోబెడితే తెల్లారేసరికి ఉండదు. నేను ఉంటాను, నేను తట్టుకుంటాను. కాగితం ఇవ్వండి సార్."

ఇన్‌స్పెక్టరుకి కాగితం ఇవ్వక తప్పలేదు. ఆ అమ్మాయి కన్నీళ్ళు తుడుచుకుంటూ రాయడం మొదలుపెట్టింది. ఆయన నన్ను తలుపు వైపు తీసుకెళ్ళాడు.

"అబద్ధం చెప్తోందని నాకూ తెలుసు మేడం," అన్నాడు మెల్లిగా. "కానీ సంతకం పెట్టి ఒప్పుకున్న మనిషిని వదిలెయ్యడం నా చేతిలో లేదు. ఈ అమ్మాయి ముందు ఆ చెవి సంగతి చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఇంకెవరన్నా అంటే వాదించేదాన్నే.

"తల్లే చేసిందంటారా?"

"చెయ్యి ఆవిడదే. ఆవిడ కూడా లేబుళ్ళ గదిలో పనిచేసిన మనిషే అయ్యుంటుంది. కానీ ఒకటి ఆలోచించండి. పన్నెండూ పదికి నాకు ఫోన్ చేసింది ఆవిడే. నిజం తేల్చమంది, ఎలాంటి నిజమైనా సరే అంది. దొంగతనమని తెలిసి చేసిన మనిషి డిటెక్టివ్‌ని పెట్టుకుంటుందా? ఆవిడకి తెలియదు సార్. ఎవరో లేబుళ్ళ పని అని చెప్పి ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. చేతికి అలవాటైన పని, చేసిపెడుతోంది."

"కార్డులు ఇక్కడి నుంచి ఇంటికి తీసుకెళ్ళి, అంటించాక తెచ్చి మళ్ళీ స్టాండుకి తగిలించాలి. ఎవరూ అడ్డుచెప్పని మనిషే చెయ్యగలడు."

"దొరికితే దొంగతనం వీళ్ళింట్లోనే దొరుకుతుంది. కౌంటర్‌లో కూతురు, ఇంట్లో తల్లి. ఇంతకంటే బాగా ఎవరు ఇరికించగలరు?"

ఇద్దరం ఒకేసారి బల్ల వెనక ఖాళీ కుర్చీ వైపు చూశాం. మూడూ నలభై తొమ్మిది. రిజిస్టరు కోసం వెళ్ళిన మనిషి పదమూడు నిమిషాలైనా రాలేదు.

ఇన్‌స్పెక్టరు బల్ల మీది ఫోన్ తీసి స్టోర్ రూంకి కొట్టాడు. అటునుంచి ఎవరో బద్ధకంగా అన్నారు, "సారు ఇటు రాలేదండీ. కారు తీసుకుని బయటికెళ్ళారు, పావుగంట అవుతోంది."

"మీ ఇల్లు ఎక్కడమ్మా?" అని అరిచాను.

అమ్మాయి పెన్ను ఆపింది. "వెనక వీధి దాటితే... కారులో అయిదు నిమిషాలు. ఎందుకు మేడం?"

నేను అప్పటికే పెద్దావిడకి ఫోన్ కలిపాను. స్పీకరు పెట్టాను. ఏడోసారి మోగాక ఎత్తింది.

"అమ్మా, మా అమ్మాయిని వదిలేశారా?"

"పెద్దమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. ఇంట్లో కూర్చుని స్టిక్కర్లు అంటించే పని చేస్తున్నారా?"

"అయ్యో, మీకెలా తెలిసిందమ్మా?" ఆ గొంతులో తప్పు చేసిన భయం లేదు, చిన్న సిగ్గు ఉంది. "దానికి చెప్పకండి, నడుం వాల్చమంటే వినవని తిడుతుంది. షాపు పనే కదమ్మా. మేనేజరు బాబే తెచ్చిస్తాడు. గీతలు సరిగ్గా అచ్చవ్వలేదట, కొత్తవి అంటించాలట. మీలాంటి చెయ్యి మెషీనుక్కూడా లేదు పెద్దమ్మా అంటాడు. మా అమ్మాయికి ఉద్యోగం ఇచ్చిన మనిషి, కాదంటే బాగుంటుందా?"

కౌంటర్ అమ్మాయి కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం పట్టుకుంది. వేళ్ళు గుచ్చుకుంటున్నాయి.

"ఆయన ఇప్పుడు అక్కడికి వచ్చాడా?"

"వచ్చాడుగా! మిగిలిన స్టిక్కర్లు, కవర్లు అన్నీ సంచిలో పెట్టించాడు. కూతుర్ని వదలాలంటే నేను వచ్చి ఒక సంతకం పెట్టాలట. అందుకే బయల్దేరాను. మాత్ర వేసుకునే టైమైంది బాబూ అంటే, వచ్చాక వేసుకుందురుగాని పెద్దమ్మా, అయిదు నిమిషాల పని అన్నాడు."

"కారెక్కకండి! వినిపిస్తోందా? ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకోండి!"

"ఏంటమ్మా, సరిగ్గా వినబడ్డం లేదు. కారులోనే కూర్చున్నాను, బాబు ఇంటికి తాళం వేసి వస్తున్నాడు. ఇదిగో, ఫోను సంచిలో పెట్టేస్తున్నా, వచ్చి మాట్లాడతాను."

ఆవిడకి ఫోను కట్ చెయ్యడం రాదేమో, లైను అలాగే ఉండిపోయింది. సంచిలో గుడ్డ రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. తర్వాత కారు తలుపు దభీమని మూసుకుంది. ఇన్‌స్పెక్టరు తన వైర్‌లెస్‌లో వీధి పేరు అరుస్తూ మెట్లవైపు పరిగెత్తాడు. నేను ఆయన వెనకే పరిగెత్తాను. కాగితం సగంలో వదిలేసి అమ్మాయి నా వెనక వచ్చింది. ఫోను నా చేతిలోనే ఉంది. మొదటి మలుపు దిగుతుండగా అందులోంచి మేనేజరు గొంతు వినిపించింది. ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"పెద్దమ్మా, ఈ స్టిక్కర్ల సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?"

"చెప్పకేం బాబూ," అంది పెద్దావిడ. "ఇప్పుడే డిటెక్టివ్ మేడంకి అంతా చెప్పాను."

అమ్మాయి మెట్ల మీదే ఆగిపోయింది. ఫోనులో ఇంజను చప్పుడు అంతకంతకూ పెరిగింది.